తొమ్మిది మంది చూసి తొమ్మిది రకాలుగా చెప్పారు, ఎవరి మాట వినాలి?

పేరు వేయవద్దని కోరుతూ పాఠకులొకరు రాసిన పొడవైన ఉత్తరం సారాంశమిది.

స్నేహితులతో కలిసి మొదటిసారి ఒక షార్ట్ ఫిల్మ్ తీశారు. నిడివి 17 నిమిషాలు. కథ, దర్శకత్వం, ఎడిటింగ్ మూడూ తనే చూసుకున్నారు. ఇల్లు అమ్మేసి ఖాళీ చేస్తున్న తండ్రి, సామాన్లు సర్దడానికి వచ్చిన కూతురు, వాళ్లిద్దరి మధ్య ఒక మధ్యాహ్నం. అంతే కథ. కూతురి చదువుకు చేసిన అప్పు తీర్చడానికే ఇల్లు అమ్మాల్సి వచ్చిందని తండ్రి 4వ నిమిషంలో ఒక్క మాటలో అనేసి వేరే విషయంలోకి వెళ్లిపోతాడు. చివర్లో కూతురు ఇంటి తాళంచెవుల్లో ఒకటి తీసి ఎవరికీ చెప్పకుండా తన సంచిలో వేసుకుంటుంది.

రఫ్ కట్‌ను, అంటే ఎడిటింగ్ ఇంకా పూర్తికాని కాపీని, తొమ్మిది మందికి చూపించారు. ఇంట్లోవాళ్లు చాలా బాగుందన్నారు. ఇద్దరు మొదట్లో ల్యాగ్ ఉందన్నారు. ముగ్గురు ఆ అమ్మాయి తాళంచెవి ఎందుకు తీసుకుందని అడిగారు. ఇద్దరు కూతురి నటన తేలిపోయిందన్నారు. ఒకరు తండ్రి మాటలు సరిగా వినపడలేదు, సబ్‌టైటిల్స్ వేయమన్నారు. కెమెరా పని బాగా తెలిసిన స్నేహితుడు రెండు పేజీల తప్పులు పంపి, ముగింపు మార్చేసి తండ్రి చనిపోయినట్టు పెట్టమన్నాడు. ఈ మాటలన్నీ అందరూ ఉన్న గ్రూపులోనే రావడంతో కూతురి పాత్ర వేసిన అమ్మాయి మనసు కష్టపెట్టుకుని గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఇది చాలదన్నట్టు అదే కెమెరా స్నేహితుడు తను తీసిన సినిమాను తన టీముతో కలిసి చూపించినప్పుడు, మన పాఠకులు అక్కడే, అందరి ముందే తప్పులన్నీ ఏకరువు పెట్టారు. అప్పటినుంచి అతను ఫోన్ ఎత్తడం లేదు. ఒక ఫెస్టివల్ గడువు ఐదు వారాల్లో ఉంది. ఎవరిని నమ్మాలి, మళ్లీ కట్ చేయాలా, ఇలాగే ఆన్‌లైన్‌లో పెట్టేయాలా, ఆ ఇద్దరితో ఎలా మాట్లాడాలి అన్నవి ప్రశ్నలు.

సమాధానం:

ఎవరేమన్నారో నిమిషాలతో సహా రాసి పంపి మంచి పని చేశారు. ఆ కాగితం వల్లే మీకు కాస్త ఉపయోగపడే మాట చెప్పగలుగుతున్నాను. దాన్ని మీరు తొమ్మిది అభిప్రాయాలుగా చూస్తున్నారు కాబట్టి ఒకదానికొకటి పొసగడం లేదనిపిస్తోంది. నాకు మాత్రం అందులో సగానికి పైగా ఒకే చోటునుంచి పుట్టినట్టు కనిపిస్తున్నాయి.

చూసేవాళ్లు తమకు ఎక్కడ విసుగొచ్చిందో, ఎక్కడ తికమక కలిగిందో చెబితే అది దాదాపు ఎప్పుడూ నిజమే. వాళ్లకు కలిగింది వాళ్లకు కలిగింది, దాంతో వాదించడానికేమీ లేదు. ఎందుకు కలిగిందో, ఏం చేస్తే పోతుందో చెప్పడం మొదలుపెట్టగానే మాత్రం వాళ్లు ఊహలోకి వెళ్లిపోతారు. మీ దగ్గరున్న ఇతర టేకులు వాళ్లు చూడలేదు, స్క్రిప్టు చదవలేదు. వాళ్లకు తెలిసిన వైద్యం వాళ్లు చెబుతారు. కెమెరా తెలిసినవాళ్లు షాటు మార్చమంటారు, రాసేవాళ్లు సీను మార్చమంటారు. అందుకని ఆ కాగితాన్ని తిరగరాయండి. మొదటి గడిలో టైమ్‌కోడ్ (ఏ నిమిషం, ఏ సెకను దగ్గరో), రెండో గడిలో వాళ్లకు కలిగిన ఇబ్బంది, మూడో గడిలో వాళ్లు చెప్పిన పరిష్కారం. మూడో గడిని ప్రస్తుతానికి కాగితం మడిచి దాచేయండి. మిగిలిన రెండు గడులే చదవండి.

చదివితే కనిపించేది ఇది. ముగ్గురికి తాళంచెవి సంగతి అర్థం కాలేదు. ఇద్దరికి కూతురి నటన నమ్మదగ్గట్టు అనిపించలేదు. మీరు రాసిన నిమిషాలు చూస్తే ఆ ఇద్దరూ చెప్పింది 5వ నిమిషం నుంచి 7వ నిమిషం వరకు, అంటే అప్పు సంగతి విన్నాక ఆమె మౌనంగా సామాన్లు సర్దే చోటు. ఒకరికి తండ్రి మాటలు వినపడలేదు, అదీ 4వ నిమిషం దగ్గరే. ఈ మూడూ కలిపి చూడండి. ఇల్లు ఎందుకు అమ్ముతున్నారో చెప్పే ఒకే ఒక్క వాక్యం వినపడకపోతే ఆ తర్వాత ఆ అమ్మాయి మొహంలో కనిపించే బాధకు చూసేవాళ్ల దగ్గర కారణం లేదు. కారణం తెలియని బాధ అతిగానో తేలికగానో కనిపిస్తుంది, నింద నటి మీద పడుతుంది. తాళంచెవి ఎందుకు తీసుకుందో కూడా ఆ వాక్యం విననివాళ్లకు తెలిసే అవకాశం లేదు. తండ్రి చనిపోయినట్టు పెట్టమన్న మీ స్నేహితుడి సలహా కూడా బహుశా అక్కడినుంచి వచ్చిందే. ముగింపులో బరువు లేదని అతనికి అనిపించింది, ఆ బరువు చావుతో తెమ్మన్నాడు. అతనికి అనిపించినదాన్ని ఉంచుకోండి, చావును పక్కన పెట్టండి.

సినిమా నేను చూడలేదు కాబట్టి ఇది నా అనుమానమే. నిజమో కాదో తేల్చుకోవడం సులువు. కథ తెలియని ఒకరిద్దరికి ఆ సీను ముందునుంచి ఒక నిమిషం ముక్క మామూలు ఫోన్ స్పీకర్లో వినిపించి, తండ్రి ఏమన్నాడో కాగితం మీద రాయమనండి. మీరు విని నిర్ణయించుకోవద్దు. ఆ మాట రాసింది మీరే, ఎడిటింగ్‌లో వందలసార్లు విన్నది మీరే. సగం శబ్దం వినపడినా మిగతా సగం మీ మెదడే పూరిస్తుంది. సొంత సినిమాలో మాటలు వినపడుతున్నాయో లేదో చెప్పగలిగే స్థితిలో ఏ దర్శకుడూ ఉండడు.

వాళ్లు తప్పు రాస్తే మీకు కొన్ని దారులున్నాయి. ముందుగా మిగతా టేకుల్లో అదే వాక్యం ఎక్కడైనా శుభ్రంగా పలికిందేమో వెతకండి. క్లోజప్‌లో మాట బాగోలేకపోయినా సీను మొత్తం దూరంనుంచి తీసిన మాస్టర్ షాటులోనో, కూతురి భుజం మీదుగా తీసిన సజెషన్ షాటులోనో బాగుండొచ్చు. ఆ ఆడియో తెచ్చి ఈ షాటు కింద పెట్టి, పెదవులు కలవని చోట వింటున్న కూతురి మొహం మీదికి కట్ చేయండి. అసలు ఆ వాక్యానికి అదే మంచి కట్ కావచ్చు. చెప్పేవాడి మొహం కంటే వినేదాని మొహమే అక్కడ ముఖ్యం.

దొరక్కపోతే డబ్బింగ్. వీలుంటే అదే గదిలో చేయండి, గది వేరైతే గొంతు చుట్టూ ఉండే గాలి మారిపోతుంది. షూటింగ్‌లో మైకు ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో పెట్టి ఒక రికార్డు, దగ్గరగా పెట్టి ఒక రికార్డు తీసుకోండి. ఏది అతుకుతుందో టైమ్‌లైన్ మీద పెట్టాకే తెలుస్తుంది. చాలామంది డబ్బింగ్ చేసిన వాక్యాన్ని ఉత్త నిశ్శబ్దం మీద పెట్టి, అతుకు కనిపిస్తోందని కంగారు పడతారు. దాని కింద ఆ గది ఆంబియన్స్, అంటే ఎవరూ మాట్లాడకపోయినా గదిలో ఉండే శబ్దం, ఉండాలి. షూటింగ్ రోజు ఎవరూ మాట్లాడకుండా 30 సెకన్లు ఆ శబ్దాన్నే రూమ్ టోన్‌గా రికార్డు చేసుకుని ఉంటే పని తేలిక. లేకపోతే ‘యాక్షన్’ అనడానికి ముందు, ‘కట్’ అనడానికి ముందు ఉండే మౌనపు ముక్కలు ఏరి, ఒకటి తగ్గుతుండగా ఇంకొకటి పెరిగే క్రాస్‌ఫేడ్‌లతో అతికించి పరచండి.

శబ్దం తగ్గించే ప్లగిన్లతో జాగ్రత్త. ఫ్యాన్ హోరు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టి కొంతవరకు తీసేయగలదు. ఖాళీ గదిలో వచ్చే ఎకో అలా కాదు, అది మాటతోనే కలిసి పుడుతుంది. తీయబోతే మాట కూడా దెబ్బతినొచ్చు. మీది సామాన్లు తీసేసిన ఇల్లు కాబట్టి మీ అసలు శత్రువు ఫ్యాన్ కాదు, ఆ బోసి గోడలే అని నా అనుమానం. ప్లగిన్‌ను పూర్తిగా పెంచితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు తయారవుతుంది, అంతకంటే కాస్త హోరే నయం. 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (అంతకంటే కింది శబ్దాలను తగ్గించేది) పెడితే అడుగున ఉండే గుడగుడ పోతుంది. మాటల పీక్స్, అంటే అన్నిటికంటే గట్టిగా పలికే చోట్లు, మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండేలా చూసుకోండి. కింద సంగీతం ఉంటే ఆ వాక్యం వరకు బాగా దించండి, అక్కడ పూర్తిగా తీసేసినా నష్టం లేదు. సబ్‌టైటిల్స్ వేసి సరిపెట్టమన్న సలహా వేరే భాషవాళ్ల కోసమైతే మంచిదే. భాష తెలిసినవాళ్లు కూడా చదువుకోవాల్సి వస్తే ఆ క్షణంలో వాళ్ల కళ్లు నటుల మొహాల మీద ఉండవు.

ల్యాగ్ అన్నవాళ్ల సంగతి. మొదటి మాట పలికేదాకా 2 నిమిషాల 20 సెకన్లు పట్టిందని మీరే రాశారు. అందులో టైటిల్స్, గోడలు, కిటికీ, తాడు కట్టిన పెట్టెలు ఉన్నాయి. 17 నిమిషాల సినిమాలో అది ఏడో వంతు. నెమ్మదితనం తప్పేమీ కాదు. చూసేవాళ్లకు ఎదురుచూడటానికి ఏదైనా ఇచ్చాక ఎంత నెమ్మదిగా వెళ్లినా ఓపిక పడతారు. ఏమీ ఇవ్వకముందు అర నిమిషం కూడా ఎక్కువే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మీ కట్ ఉన్న సీక్వెన్స్‌కు ఒక కాపీ తీసుకుని దానికి కొత్త వెర్షన్ నంబరు పెట్టండి, పాతదాన్ని ముట్టుకోవద్దు. కొత్తదానిలో మొదటి 2 నిమిషాలు పూర్తిగా తీసేసి కూతురు తలుపు తట్టే షాటుతో మొదలుపెట్టి చూడండి. ఏం పోయిందని అనిపిస్తుందో దాన్ని మాత్రమే తిరిగి తెచ్చుకోండి. సాధారణంగా రెండు మూడు షాట్లు తిరిగి వస్తాయి, మిగతావి రావు. పేర్లన్నీ చివరికి పంపండి.

ఇంకో కారణం కూడా ఉంది. షార్ట్ ఫిల్మ్ నిడివికి ఒక్కో చోట ఒక్కో హద్దు. ఆస్కార్ నియమాల్లో టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల దాకా షార్ట్ ఫిల్మే. కాన్స్ షార్ట్ ఫిల్మ్ పోటీలో 15 నిమిషాలు దాటకూడదు. మీరు పంపబోయే ఫెస్టివల్ నియమం ఏదో చూసుకోండి. ఎక్కడైనా సరే, ఒక షోలో నాలుగైదు సినిమాలు అమర్చుకోవాల్సిన నిర్వాహకులకు 14 నిమిషాల సినిమాకు చోటివ్వడం 17 నిమిషాలదానికంటే సులువు.

కెమెరా స్నేహితుడి రెండు పేజీలు ఇప్పుడు చూద్దాం. అతను చూపినవాటిలో చాలా మటుకు నిజమైన తప్పులే. కానీ అన్నిటికీ ఒకే బరువు లేదు. గ్లాసులో నీళ్లు ఒక షాటులో సగం, తర్వాతి షాటులో నిండుగా ఉన్నాయన్నది వదిలేయండి. ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఒక కట్ ఎందుకు చేయాలో ఆరు ప్రమాణాలుగా చెప్పి వాటికి వంతులు వేశాడు. భావోద్వేగానికి 51 శాతం, కథకు 23, లయకు 10 ఇచ్చి, వస్తువులూ మనుషులూ గదిలో ఎక్కడెక్కడున్నారన్న కంటిన్యుటీకి అన్నిటికంటే కింద 4 శాతమే పెట్టాడు. నీళ్లు చూసినవాళ్లు ఉన్నారంటే, ఆ క్షణంలో మొహాల మీద వాళ్ల దృష్టి లేదని అర్థం. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, గ్లాసు కోసం మంచి టేకును వదులుకోవద్దు.

7 నిమిషాల 35 సెకన్ల దగ్గర లైను దాటిందన్న మాట మాత్రం పట్టించుకోవాలి. లైను అంటే మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఊహించుకునే గీత, కెమెరా దానికి ఒకే పక్కన ఉండాలి. తండ్రీ కూతుళ్లు ఎదురెదురుగా కూర్చున్నా ఇద్దరూ తెర మీద ఒకే వైపు చూస్తున్నట్టుంటే, ఎవరితో మాట్లాడుతున్నారో చూసేవాళ్లు ఒక్క క్షణం వెతుక్కుంటారు. ఆ క్షణంలో పలికిన మాట పోతుంది. ఆ రెండు షాట్ల మధ్య ఇద్దరూ కనిపించే షాటో, చేతులను మాత్రమే దగ్గరగా చూపే ఒక ఇన్సర్టో పెడితే చాలావరకు సర్దుకుంటుంది. అది లేకపోతే ఒక షాటును అద్దంలో కనిపించినట్టు కుడిఎడమలు మార్చి ఫ్లిప్ చేయొచ్చు. గోడ మీద అక్షరాలు, గడియారం, చొక్కా జేబు, పాపిడి ఉన్న వైపు చూసుకోండి, ఇవి వెంటనే పట్టిచ్చేస్తాయి. తెల్ల గోడలు కాలిపోయాయన్నదానికి, అంటే వెలుగు ఎక్కువై వివరాలు లేకుండా తెల్లబారాయన్నదానికి, ఇప్పుడు చేయగలిగింది తక్కువ. రికార్డు కాని వివరం రంగులు సరిచేసే డీఐ దశలో రాదు. హైలైట్స్ (వెలుగు ఎక్కువున్న భాగాలు) కాస్త దించి, మొహాల రంగు షాటుకూ షాటుకూ ఒకేలా ఉండేట్టు చూసి ఊరుకోండి.

ఇక ఈ ఐదు వారాల్లో ఏం చేయొచ్చు? ఇప్పుడున్న కట్‌నే పంపేస్తే మీకు కాలం మిగులుతుంది, తర్వాతి కథ మొదలుపెట్టొచ్చు. కానీ మీ సినిమా మొత్తం నిలబడిన ఒక్క వాక్యం వినపడకుండా వెళ్తుంది. ముగ్గురికి అర్థం కానిది ఎంపిక చేసేవాళ్లకు అర్థమవుతుందని అనుకోవడానికి ఆధారం లేదు. రెండో దారి, కొత్తగా ఏమీ తీయకుండా ఉన్న ఫుటేజీతోనే బాగుచేయడం. మాటకు ఒక వారం, మొదటి రెండు నిమిషాలకూ ఆ లైను కట్‌కూ ఒక వారం, కొత్తవాళ్లకు చూపి సరిదిద్దుకోవడానికి ఒక వారం, పిక్చర్ లాక్ చేశాక, అంటే ఇక ఒక్క షాటూ మార్చకూడదని ఖాయం చేసుకున్నాక, సౌండ్ మిక్సింగ్‌కూ డీఐకీ ఒక వారం. ఇంకో వారం చేతిలో ఉంటుంది, అది ఉండాలి. లాక్ చేయకముందే మిక్సింగ్ మొదలుపెట్టొద్దు. ఆ తర్వాత ఒక్క షాటు కదిలినా కింద పరిచిన ట్రాకులన్నీ జరుపుకోవాల్సి వస్తుంది.

మూడో దారి ప్యాచ్ వర్క్. 4వ నిమిషం సీను మళ్లీ తీయడం. ఆ ఇల్లు ఇంకా దొరుకుతుందా, తండ్రి వేషం వేసినాయన గడ్డం, జుట్టు అలాగే ఉన్నాయా, వెలుతురు కిటికీలోంచి ఆ వేళకే వస్తుందా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి కాదన్నా అతుకు మీ సమస్యకంటే పెద్దగా కనిపిస్తుంది. దానికితోడు నొచ్చుకున్న నటిని మళ్లీ కెమెరా ముందుకు పిలవాలి. రెండో దారి ప్రయత్నించి విఫలమైతేనే దీని గురించి ఆలోచించమంటాను. గడువు వదిలేసి వచ్చే ఏడాది చూద్దామనుకోవడమూ ఒక దారే. ఎంత వెసులుబాటు ఉంటే అంత మార్చుతూ పోయే మనిషి మీరైతే అది మంచిది కాదు. అది మీకే తెలియాలి.

కొత్తవాళ్లకు చూపేటప్పుడు ఈసారి పద్ధతి మార్చండి. ఒక మనిషి మీ సినిమాను మొదటిసారి చూడటం ఒక్కసారే జరుగుతుంది, కాబట్టి అందరినీ ఒకేసారి ఖర్చు చేసుకోవద్దు. ఈ వెర్షన్‌కు నలుగురు, తర్వాతిదానికి ఇంకో నలుగురు. షూటింగ్‌కు రానివాళ్లు, కథ విననివాళ్లు కావాలి. మూలన టైమ్‌కోడ్ కనిపించే కాపీ వేయండి. ముందుగా ఏమీ వివరించవద్దు, ‘సౌండ్ ఇంకా అవ్వలేదు’ అని కూడా అనవద్దు. అలా అన్నాక వాళ్లు సౌండ్‌ను క్షమించేస్తారు, మీకు తెలియాల్సింది తెలియకుండా పోతుంది. మీరు పక్కగా, కాస్త వెనక కూర్చుని తెరను కాకుండా వాళ్లను చూడండి. ఎక్కడ కదిలారో, ఎక్కడ ఫోన్ వైపు చెయ్యి వెళ్లిందో ఆ నిమిషం రాసుకోండి. నోటితో చెప్పే మర్యాదలు ఒంట్లో ఉండవు.

అయ్యాక ‘ఎలా ఉంది’ అని అడగొద్దు. ఆ ప్రశ్నకు మీ ఇంట్లోవాళ్లు ఇచ్చిందే జవాబు, అది వాళ్ల ప్రేమే తప్ప అబద్ధం కాదు. దానికి బదులు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే కాగితాలు ఇచ్చి రాయమనండి. ఈ కథ రెండు మూడు వాక్యాల్లో చెప్పండి. తండ్రికి ఏం కావాలి, కూతురికి ఏం కావాలి? ఎక్కడ మనసు పక్కకు పోయింది? ఎక్కడ అర్థం కాలేదు? ఆమె తాళంచెవి ఎందుకు తీసుకుంది? ముందే రాయించడం ఎందుకంటే, గట్టిగా మాట్లాడేవాళ్లు ఒకరు నోరు విప్పగానే మిగతావాళ్ల జ్ఞాపకం కూడా ఆ వైపుకు వంగుతుంది. మీ గ్రూపులో జరిగింది అదే కావచ్చు. నటన బాగోలేదన్న రెండో మనిషి మొదటి మనిషి మాట చదివాకే రాశారేమో చూడండి. వాళ్లు చెబుతున్నంతసేపూ మీరు సమర్థించుకోవద్దు, రాసుకోండి. ముగ్గురికి ఒకే ఇరవై సెకన్ల దగ్గర ఏదో తేడా అనిపిస్తే, వాళ్లు చెప్పే కారణాలు వేర్వేరైనా అక్కడ పని ఉంది. ఒక్కరికే అనిపించింది రెండు మూడు రోజులు పక్కన పెట్టండి. అప్పటికీ మీ మనసును గుచ్చుతుంటే అప్పుడు చూడండి.

కూతురి పాత్ర వేసిన అమ్మాయి గురించి రాసేటప్పుడు మీరు ‘ఆమె మరీ సున్నితం’ అన్నారు. నేను ఒప్పుకోను. దర్శకుడికి వచ్చే అభిప్రాయాలను దర్శకుడు జల్లెడ పట్టి, ఎవరికి ఏది అవసరమో అదే చెప్పాలి. తెర మీద కనిపించేది ఆమె మొహం. ఏ టేకు వాడారో, ఎక్కడ కట్ చేశారో నిర్ణయించింది మీరు. పైగా ఆమె బాధకు కారణం చెప్పే వాక్యమే వినపడని కట్‌లో ఆమె నటనను తూచారు. ఈ విషయం ఆమెకు చెప్పాలి. ఎప్పుడు చెప్పాలన్నది ఆలోచించుకోవాల్సిన విషయం. ఇప్పుడే చెబితే మాట త్వరగా అందుతుంది, కానీ చూపించడానికి ఏమీ ఉండదు, ఓదార్పులాగా వినిపించొచ్చు. ఆ సీను సరిచేశాక పిలిచి రెండు కట్‌లూ పక్కపక్కన చూపిస్తే ఆమె కళ్లతోనే చూస్తుంది, కానీ అప్పటిదాకా రెండు వారాలు ఆమె ఆ మాటలతోనే ఉండాలి. నేనైతే ఇప్పుడు క్లుప్తంగా ఫోన్ చేసి ‘ఆ మాటలు గ్రూపులో రానివ్వడం నా పొరపాటు, ఆ సీనులో లోపం నా సౌండ్‌లో ఉందనుకుంటున్నాను, సరిచేసి చూపిస్తాను’ అనమంటాను. కొత్త కట్‌లో కూడా ఎక్కడైనా నటన నిలవకపోతే, ఆ షాటును రెండు సెకన్లు ఆలస్యంగా మొదలుపెట్టడం, ఒక మాట తీసేయడం, తండ్రి మొహం మీద ఉండిపోవడం, ఇవన్నీ మీ చేతిలో ఉన్నాయి.

చివరగా కెమెరా స్నేహితుడు. మీరు చెప్పిన తప్పులు నిజమే అయ్యుంటాయి. అతని సినిమా అప్పటికి లాక్ అయి, మిక్సింగ్ కూడా అయిపోయిందని మీరే రాశారు. ఆ దశలో ‘హీరో ఎందుకు వెళ్లిపోయాడో తెలియలేదు, స్క్రీన్‌ప్లే వీక్’ అంటే అతను చేయగలిగింది ఏమీ లేదు, టీము ముందు తలదించుకోవడం తప్ప. అభిప్రాయం అడిగినప్పుడు మొదట అడగాల్సింది ఇది ఏ దశలో ఉంది, నేను ఏం చూడాలి అని. స్క్రిప్టు దశలో కథ గురించి ఎంతైనా చెప్పొచ్చు. రఫ్ కట్‌లో సీన్ల వరస గురించి, నిడివి గురించి చెప్పొచ్చు. లాక్ అయ్యాక శబ్దం, రంగు, సబ్‌టైటిల్స్‌లో అక్షరదోషాలు. విడుదలయ్యాక అభినందన, అడిగితే తర్వాతి సినిమాకు పనికొచ్చే ఒకటి రెండు మాటలు.

అమెరికా నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన ఒక పద్ధతి ఇలాంటి సందర్భాలకు చక్కగా సరిపోతుంది. అందులో నాలుగు మెట్లున్నాయి. చూసినవాళ్లు తమకు ఏది పట్టుకుందో, ఏది అర్థవంతంగా తోచిందో ముందు చెబుతారు. తర్వాత చేసినవాళ్లే ప్రశ్నలడుగుతారు. ఆ తర్వాత చూసినవాళ్లు తమ అభిప్రాయం కలపని మామూలు ప్రశ్నలు వేస్తారు. చివరికి, ఫలానా విషయం మీద నాకొక అభిప్రాయం ఉంది, వింటారా అని అడిగి, సరేనంటేనే చెబుతారు. ఇద్దరు మనుషుల మధ్య కూడా ఇది నడుస్తుంది. చెప్పేటప్పుడు మెచ్చుకోలుకు కూడా టైమ్‌కోడ్ ఉండాలి. ‘3 నిమిషాల 10 దగ్గర అతను చెప్పులు వేసుకోకుండా ఆగిపోయాడే, అక్కడ నాకు భయం వేసింది’ అన్న మాట ‘బాగా తీశావు’ కంటే పనికొస్తుంది. దాన్ని అతను చెడగొట్టకుండా కాపాడుకుంటాడు. లోపాలు మూడుకు మించి చెప్పకపోవడం మంచిది, పదిహేను చెబితే ఏది ముఖ్యమో తెలియదు.

అతనితో ఇప్పుడు మీరు చేయగలిగినవి రెండు. కొంతకాలం ఊరుకుని, అతనే మాట్లాడేదాకా ఆగొచ్చు. స్నేహం పాతదైతే అలా సర్దుకోవచ్చు, కానీ అతను మీ మౌనాన్ని ఇంకా అదే మాట మీద ఉన్నారని అనుకునే అవకాశం ఎక్కువ. లేదా ఒక చిన్న సందేశం పంపొచ్చు. ఫోన్ ఎత్తని మనిషికి మళ్లీ మళ్లీ ఫోన్ చేయడం ఒత్తిడి చేయడమే, సందేశమైతే తీరిగ్గా చదువుకుంటాడు. అందులో అందరి ముందు అనడం తప్పని చెప్పండి. సినిమా నిజానికి బాగుందని మాట మార్చకండి, అతను నమ్మడు, ఇకమీద మీ మెచ్చుకోలును కూడా నమ్మడు. అతను పంపిన రెండు పేజీల వల్ల ఆ లైను కట్ సరిచేశారని నిజంగానే జరిగితే రాయండి. అతని సినిమాలో మీకు నిజంగా నచ్చిన ఒక షాటు పేరు చెప్పండి. జవాబు అడగొద్దు.

ఆన్‌లైన్‌లో పెట్టే విషయం మాత్రం ఫెస్టివల్ ఫలితం వచ్చేదాకా ఆపండి. కొన్ని ఫెస్టివల్స్ అప్పటికే బహిరంగంగా వచ్చిన సినిమాలను తీసుకోవు. ఒకసారి అందరికీ తెరిచాక వెనక్కి తీసుకున్నా అది వచ్చినట్టే లెక్కించే చోట్లు ఉండొచ్చు. నియమాలు చదివి, అభిప్రాయాల కోసం పాస్‌వర్డ్ ఉన్న లింకే వాడండి. ఎడిటింగ్‌లో తాత్కాలికంగా పెట్టుకున్న పాట ఏదైనా ఇంకా టైమ్‌లైన్ మీద ఉంటే, దానికి రాతపూర్వక అనుమతి లేకుండా ఫెస్టివల్ కాపీలోకి వెళ్లనివ్వకండి. చేతిలో మిగిలిన ఆ ఐదో వారంలో, గడువుకు కనీసం మూడు రోజుల ముందు ఫైలు అప్‌లోడ్ చేసి, అప్‌లోడ్ అయిన కాపీనే మొదటినుంచి చివరిదాకా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి వినండి.